జూలు మొలవని సింహం

‘లయన్ కింగ్’ సినిమాలో సింబా ఒక్క పాటలో పెద్దవాడైపోతాడు. లోయకు అడ్డంగా పడున్న మాను మీద స్నేహితులు టిమోన్, పుంబా తలలాడిస్తూ ముందు నడుస్తుంటే వాళ్ల వెనక పిల్ల సింహం నడుస్తుంది. ఆకాశంలో చంద్రుడు. నాలుగడుగులేసేసరికి మెడ చుట్టూ కాస్త జూలు, ఇంకో నాలుగడుగులకి ఒత్తయిన జూలు. పాట అయ్యేసరికి నిఖార్సైన మగసింహం. మనకిది కొత్తేం కాదు. పరిగెత్తే పిల్లాడి కాళ్ల మీద కెమెరా పెట్టి, పైకెత్తేసరికి హీరోని చూపించడం తెలుగు సినిమా ఎన్నేళ్లుగానో చేస్తున్న పనే. చూసేవాడు చేయాల్సిందల్లా ఈల వెయ్యడం.

అదే కథతో చేసిన వీడియో గేములో మాత్రం ఆ జూలు ఊరికే రాదు. మొత్తం పది లెవల్స్. మొదటి ఆరింట్లో సింబా పిల్లే. ఆ ఆరూ దాటినవాడికే ఏడోదాంట్లో పెద్ద సింహం దర్శనమిస్తుంది. ఆరంటే పెద్ద లెక్కేం కాదనిపిస్తుంది గానీ, ఆ గేము ఆడిన పిల్లల్లో చాలామంది ప్రయాణం రెండోదాని దగ్గరే ఆగిపోయింది. ఎన్ని ఇళ్లలో సింబా ఇప్పటికీ పిల్లగానే ఉండిపోయాడో లెక్క తీసేవాళ్లు లేరు. మా ఇల్లు మాత్రం అందులో ఒకటి.

1994 జూన్‌లో సినిమా వచ్చింది, ఆ ఏడాది పూర్తయ్యేలోగా గేము వచ్చింది. చేసింది లాస్ వేగస్‌లోని వెస్ట్‌వుడ్ స్టూడియోస్. అంతకు రెండేళ్ల ముందు ‘డ్యూన్ 2’, మరుసటేడు ‘కమాండ్ అండ్ కాంకర్’ వాళ్ల పనే. అంటే ట్యాంకులూ, సైన్యాలూ, యుద్ధవ్యూహాల మనుషులు. వాళ్ల చేతిలో పిల్ల సింహాన్ని పెట్టారు. అమ్మింది వర్జిన్ ఇంటరాక్టివ్. సెగాకొకటి, నింటెండోకొకటి, పీసీకొకటి విడివిడిగా తయారయ్యాయి.

మన ఊళ్లకు ఎక్కువగా చేరింది పీసీదే. పిల్లల చదువు పేరు చెప్పి, చీటీ పాడి కొన్న అసెంబుల్డ్ కంప్యూటర్లు తొంభైల చివర్లో ఒక్కో ఇంట్లోకీ వచ్చాయి. నల్ల తెర మీద డైరెక్టరీ పేరు కొట్టి ఎంటర్ నొక్కితే గేము మొదలయ్యేది. ఒకే కాపీ సీడీలో ప్రిన్స్ ఆఫ్ పర్షియా, డేంజరస్ డేవ్, అల్లాద్దీన్, లయన్ కింగ్ అన్నీ కాపురం ఉండేవి. ఆడుతూ ఆడుతూ ఉండగా కరెంటు పోయేది. యూపీఎస్ కీచుకీచుమని అరుస్తుంటే నాన్న అవతలి గదిలోంచి ‘ముందు షట్‌డౌన్ చెయ్యరా’ అని కేకేసేవాడు. సింబా ఎక్కడ ఉన్నాడో అక్కడే ఆరిపోయేవాడు. మళ్లీ ఆడితే మొదటి నుంచే.

నాకు ఇప్పటికీ విచిత్రంగా తోచేది మరొకటి. సినిమా చూడకముందే ఆ గేము ఆడినవాళ్లం మేము. సింబాకి తండ్రున్నాడని మాకు తెలీదు. మొదటి లెవల్లో పచ్చిక, బండరాళ్లు, గర్జిస్తే వెల్లకిలా పడిపోయే ముళ్లపంది, చివర్లో గుహ దగ్గర ఒక హైనా. అంతే. మా లెక్కలో సింబా అంటే ఏ దిక్కూ లేక అడవిలో ఒంటరిగా తిరిగే పిల్ల. ఎందుకు పరిగెడుతున్నాడు, ఎక్కడికెళ్లాలి అని ఎవరం అడగలేదు. కుడివైపుకి వెళ్లాలి. ప్లాట్‌ఫామ్ గేముల్లో లోకమంతా కుడివైపే ఉంటుంది కదా. తరవాతెప్పుడో కేబుల్లో సినిమా చూస్తున్నప్పుడు, ఆ పిల్లకి అంత పెద్ద తండ్రీ, అంత రాజ్యమూ ఉన్నాయని తెలిసి, నాకు ముందు కలిగింది ఆశ్చర్యం కాదు, ఒక రకమైన అనుమానం. ఇంతమంది ఉండి కూడా వాణ్ణి మాకొదిలేశారేంటి అని.

ఇక ఆ రెండో లెవల్ సంగతి. దాని పేరు ‘కాంట్ వెయిట్ టు బి కింగ్’. సినిమాలో రాజునైపోవాలన్న ఆత్రంతో సింబా పాడే పాట పేరే దానికి పెట్టారు. సినిమాలో ఆ పాట రాగానే బొమ్మ తీరే మారిపోతుంది. వాస్తవమైన ఆఫ్రికా మాయమై, పిల్లలు క్రేయాన్లతో నింపినట్టు ఎరుపు, పసుపు, ఊదా. గేములోనూ ఆ రంగులే. చెట్ల మీద గులాబీ రంగు కోతులు కూర్చుని ఉంటాయి. దగ్గరికెళ్తే సింబాని పట్టుకుని అవతలికి విసిరేస్తాయి. ఏ కోతి ఎటు విసురుతుందన్నది అది ఎటు తిరిగి ఉందన్నదాన్ని బట్టి. కోతి మీద గర్జిస్తే అది అటు నుంచి ఇటు తిరుగుతుంది. కాబట్టి ముందు ఏ కోతిని తిప్పాలో, దేన్ని వదిలేయాలో మనసులో లెక్క వేసుకుని, గర్జించి, ఆ తరవాత మొదటి కోతికి మనల్ని మనం అప్పజెప్పుకోవాలి. వరసలో ఒక్కటి తప్పు దిక్కున ఉన్నా గాల్లో గిరికీలు కొట్టి మళ్లీ బయల్దేరిన చోటే పడతాం.

పోనీ గర్జన అయినా మన చేతిలో ఉందా అంటే, దానికీ తెర మీద ఒక కొలత గీత ఉంది. ఒకసారి గర్జిస్తే ఆ గీత ఖాళీ అయిపోతుంది, మెల్లగా నిండుతుంది. నిండేదాకా ఓపిక పట్టినవాడి గర్జనకే కోతి తిరుగుతుంది. మధ్యలో తొందరపడితే వచ్చేది పిల్లికూత. ఏనుగుల శ్మశానంలో హైనాల ముందు సింబా గర్జించబోతే కీచుమని గొంతు రావడం, అవి పగలబడి నవ్వడం, మళ్లీ నోరు తెరిచేసరికి తండ్రి గర్జన వినబడటం సినిమాలో ఉంది. గేములో వెనకెవరూ లేరు. గీత నిండాల్సిందే.

కోతులు చాలవన్నట్టు జిరాఫీ తలల మీద గెంతడం. అదీ చాలదన్నట్టు నిప్పుకోడి స్వారీ. దాని మీద కూర్చున్నాక ఆగడమన్నది మన చేతిలో ఉండదు. అడ్డొచ్చినదాన్ని బట్టి ఎగరాలో వంగాలో కంటికి తెలిసేలోపే వేలు కదలాలి. రాజయ్యే ఆత్రం గురించిన పాట పేరు పెట్టి, అంత నిరీక్షణని దాని నెత్తిన కూర్చోబెట్టారే అని తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది. అప్పుడు రాలేదు. కీబోర్డు మీద బాణం గుర్తుల మీటలు అరిగిపోయాయి.

అంత కష్టంగా ఎందుకు చేశారు? పిల్లల సినిమా, పిల్లల గేము. దీనికి జవాబు వెస్ట్‌వుడ్ స్థాపకుల్లో ఒకరైన లూయిస్ కాసిల్ ఏళ్ల తరవాత చెప్పాడు. అమెరికాలో అప్పట్లో బ్లాక్‌బస్టర్ లాంటి షాపుల్లో గేములు అద్దెకిచ్చేవారు. శుక్రవారం సాయంత్రం తెచ్చుకున్న పిల్లాడు ఆదివారానికల్లా ఆఖరిదాకా ఆడేస్తే, సోమవారం కొనుక్కోవాలని ఎందుకనిపిస్తుంది? అందుకని అద్దె గడువులో ఆట ఇంత శాతం దాటకూడదని డిస్నీ నుంచి ఒక నియమం వచ్చింది. చేతిలో ఉన్న సమయం తక్కువ. ఉన్న లెవల్స్‌లోనే మొదట్లోనిదాన్ని పట్టుకుని బిగించారు. ఆ బిగింపు రెండోదాని మీద పడింది.

ఈ అద్దెల గొడవ వెనక పెద్ద కథే ఉంది. గేముల అద్దె నింటెండోకి మొదటి నుంచీ గిట్టేది కాదు. 1990లో అమెరికా ప్రభుత్వం సాఫ్ట్‌వేరుని అనుమతి లేకుండా అద్దెకివ్వకూడదని చట్టం చేసింది గానీ, ఇంట్లో టీవీకి తగిలించుకునే గేము యంత్రాల క్యాట్రిడ్జ్‌లని అందులోంచి మినహాయించింది. అంతకు ముందు ఏడే నింటెండో బ్లాక్‌బస్టర్ మీద దావా వేసింది. అద్దెకిచ్చినందుకు కాదు, గేముతో పాటు వచ్చే సూచనల పుస్తకాన్ని జిరాక్స్ తీసి ఇస్తున్నందుకు. అద్దెను ఆపలేక కాగితం మీద పడ్డారన్నమాట. చట్టం చేతులెత్తేసిన చోట కోతులు కాపలాకొచ్చాయి.

అద్దె షాపులు మనకూ ఉండేవి, వీడియో క్యాసెట్లవి. రాత్రికి వీసీపీతో పాటు మూడు సినిమాలు తెచ్చుకుని, తెల్లారేలోగా మూడూ చూసేసి, క్యాసెట్ వెనక్కి తిప్పి ఇవ్వకపోతే షాపతనితో మాటలు పడిన తరం మనది. సినిమాకి ఆ బాధ లేదు. ఎంత తొందరగా చూసినా ఒక్కసారే చూస్తాం, బాగుంటే మళ్లీ తెచ్చుకుంటాం. గేము అలా కాదు, గెలిస్తే అయిపోతుంది. అందుకే గెలవనివ్వకపోవడం వ్యాపారమైంది. కానీ మేము అద్దెకి తెచ్చుకోలేదు. నిజం చెప్పాలంటే కొనుక్కోనూ లేదు. ఎవరి దగ్గర్నుంచో ఎవరికో చేతులు మారి వచ్చిన కాపీ సీడీ. అమెరికాలో అద్దెకు తెచ్చుకునే పిల్లాడి కోసం కట్టిన గోడ, ఒక్క రూపాయి కట్టని మాకు కూడా అంతే ఎత్తున నిలబడింది. చేతకాక ఓడిపోతున్నామనుకున్న ఆ మధ్యాహ్నాల వెనక ఎవరిదో ఆదాయం లెక్క ఉందని తెలిశాక కోపం రావాలి. నాకు రాలేదు. ఆ గోడ లేకపోతే ఆ గేముని రెండు రోజుల్లో ముగించి మరిచిపోయేవాణ్ణి. వ్యాపారం ఏ ఉద్దేశంతో చేసినా, ఆ ఉద్దేశం దానికే మిగిలింది. కోతుల లెక్క మాత్రం మా దగ్గర ఉండిపోయింది.

అదే సీడీలోని అల్లాద్దీన్ సంగతి వేరు. అది ఏడాది ముందుది, 1993 నవంబరుది. 1992లో వచ్చిన డిస్నీ సినిమాకి వర్జిన్ గేమ్స్‌లో డేవిడ్ పెర్రీ బృందం సెగా కోసం చేసిన గేము. అందులోని అల్లాద్దీన్‌ని డిస్నీ యానిమేటర్లే కాగితం మీద ఒక్కో భంగిమగా గీశారు. ఆ కాగితాల్ని కంప్యూటర్లోకి ఎక్కించారు. అందుకే వాడు పరిగెడుతుంటే చొక్కా లేని ఆ భుజాలు కదలడం, ఆగితే ఊపిరి తీసుకోవడం, కత్తి దూస్తే శరీరమంతా తిరగడం చూడముచ్చటగా ఉంటుంది.

ఇక్కడ ఒక చిక్కుంది, నాకు అన్నిటికంటే ఇష్టమైన చిక్కు. బొమ్మలు కదిలించేవాళ్ల విద్యలో ఒక మొదటి పాఠం ఉంది: ఎవడైనా ఎగరబోయే ముందు కాస్త కిందికి కుంగాలి. మోకాళ్లు వంగాలి, చేతులు వెనక్కి పోవాలి. అప్పుడే ఆ ఎగరడంలో బరువుంటుంది, చూసేవాడి కన్ను ముందే సిద్ధపడుతుంది. కానీ గేము ఆడేవాడికి ఆ కుంగడం అక్కర్లేదు. మీట నొక్కిన క్షణమే ఎగరాలి. ఆలస్యమైతే గోతిలో పడతాడు, పడ్డాక యానిమేటర్‌ని మెచ్చుకోడు. ప్రిన్స్ ఆఫ్ పర్షియాలో జోర్డన్ మెక్నర్ తన తమ్ముణ్ణి పరిగెత్తించి, వీడియో తీసి, ఆ భంగిమల్ని గీశాడు. ఆ యువరాజు నిజం మనిషిలాగే ఎగరడానికి సమయం తీసుకుంటాడు, అందుకే అంచు దగ్గర ఒక్క అడుగు ముందే ఆలోచించుకోవాలి. అల్లాద్దీన్ చేసినవాళ్లు సొగసంతా ఎగిరాక గాల్లోనూ, దిగాక నేల మీదా పెట్టారు. మీట నొక్కిన ఘడియలో మాత్రం మన వేలికే విలువిచ్చారు. సినిమా మనుషులూ గేము మనుషులూ ఒక కాగితం మీద కూర్చుని ఇచ్చిపుచ్చుకున్న సంధి అది. ఎక్కడెక్కడ గీత గీసుకున్నారో ఆడుతుంటే వేళ్లకి తెలుస్తుంది.

సరిగ్గా అప్పుడే నింటెండో కోసం జపాన్‌లో క్యాప్‌కామ్ ఇంకో అల్లాద్దీన్ చేసింది. దాని రూపకర్త షింజీ మికామి, ఆ తరవాత ‘రెసిడెంట్ ఈవిల్’తో జనాన్ని హడలెత్తించినవాడు. ఆయన అల్లాద్దీన్‌కి కత్తి లేదు, శత్రువుల తలల మీద దూకుతాడు. తాను చెయ్యకపోయి ఉంటే సెగాదే కొనుక్కునేవాణ్ణని, బొమ్మ కదలిక బాగుందని, అందులో కత్తి కూడా ఉందని మికామి తరవాత ఒప్పుకున్నాడు. నిజానికి సినిమాలో రొట్టె దొంగిలించి పారిపోయే కుర్రాడికి కత్తి పెద్దగా పట్టదు, కాళ్లే వాడి ఆయుధం. సినిమాకి న్యాయం చేసింది మికామీయే అంటాను. అయినా నాకూ కత్తి ఉన్నదే ఇష్టం.

లయన్ కింగ్ దగ్గరికి మళ్లీ వస్తాను. సినిమాలో గుండె పిండేసేది అడవిదున్నల పరుగు. ఆ రెండు మూడు నిమిషాల దృశ్యం కోసం డిస్నీ వాళ్లు రెండేళ్లకు పైగా కంప్యూటర్ల ముందు కూర్చున్నారు. వందలాది జంతువులు లోయలోకి దూకాలి, కానీ ఒకదాన్నొకటి గుద్దుకోకూడదు. అలా గుద్దుకోకుండా చూసేందుకే ప్రత్యేకంగా ప్రోగ్రాం రాశారు. గేములో ఆ దృశ్యం నాలుగో లెవల్. ఇక్కడి ప్రోగ్రాం పని సరిగ్గా తలకిందులు, మనల్ని గుద్దాలి. మంద వెనక తరుముకొస్తుంటే సింబా కుడికి కాకుండా మన మొహంలోకే, తెర బయటికి దూకేస్తాడేమో అన్నట్టు పరిగెత్తుకొస్తాడు. కొమ్ముల మధ్య సందు వెతుక్కుంటూ, రాళ్లని దూకుతూ బతికి బయటపడాలి. సినిమాలో అక్కడ తండ్రి పోతాడు. గేము ఆడేవాడికి ఆ ఊసు పట్టదు. దాటేశాం అన్న సంతోషంతో చేతులు చెమటలు పట్టి ఉంటాయి. వెంటనే తరవాతి లెవల్, ముళ్లు, హైనాలు. ఏడవడానికి గేములో చోటు లేదు. చూసేవాడికే దుఃఖం, చేసేవాడికి పని. చావు జరిగిన ఇంట్లో కూడా అంతే కదా, వంటవాళ్లకీ పాడె కట్టేవాళ్లకీ ఏడుపు తరవాతెప్పుడో వస్తుంది.

2019లో లయన్ కింగ్, అల్లాద్దీన్ గేములు రెండింటినీ కలిపి ఇప్పటి యంత్రాలకి తగ్గట్టు డిజిటల్ ఎక్లిప్స్ వాళ్లు మళ్లీ తెచ్చారు. ఆ ఏడాదే రెండు సినిమాలూ కొత్తగా వచ్చాయి, తెలుగు మాటలతో సహా. అల్లాద్దీన్‌లో జీనీకి వెంకటేష్, లయన్ కింగ్‌లో సింబాకి నాని, విలన్ స్కార్‌కి జగపతిబాబు, పుంబా టిమోన్లకి బ్రహ్మానందం, అలీ. మా మేనల్లుడికి సింబా అంటే నాని గొంతే. గేము పెట్టగానే వాడడిగిన మొదటి ప్రశ్న, ‘మావయ్యా, నాని వాయిస్ లేదేంటి?’

కొత్తదాంట్లో వెనక్కి తిప్పే మీట ఉంది. గోతిలో పడితే ఆ మీట నొక్కి పట్టుకుంటే సింబా గోతిలోంచి పైకి లేచి, వెనక్కి నడిచి, గట్టు మీద మళ్లీ నిలబడతాడు. మేనల్లుడు రెండో లెవల్ చిటికెలో దాటేశాడు. కోతి తప్పుగా విసిరితే తిప్పేయడమే. ‘ఇందులో కష్టమేముంది?’ అన్నాడు నా వైపు తిరిగి. నేను చెప్పబోయి మానేశాను. అద్దె షాపు, అమెరికా చట్టం, కరెంటు కోత, ఇవన్నీ చెప్తే వాడికి అదొక గేములా వినిపించదు, సోషల్ పాఠంలా వినిపిస్తుంది.

కానీ ఒకటి గమనించాను. భయం లేనివాడు బొమ్మని చూస్తాడు. సింబా బండ అంచు పట్టుకుని వేలాడుతుంటే వాడు అక్కడే ఆపి, ‘చూడు ఎలా వేలాడుతున్నాడో, అచ్చం పిల్లి’ అని మురిసిపోయాడు. అదే అంచు మీద నేనెన్నిసార్లు వేలాడానో. ఒక్కసారీ చూడలేదు, ఎప్పుడెప్పుడు పైకెక్కుతానా అన్న యావే. యానిమేటర్లు రాత్రింబవళ్లు గీసింది చూడాలంటే ఓడిపోతామన్న దిగులుండకూడదు కాబోలు. ఆ సాయంత్రమే వాడికి సింబా జూలు వచ్చేసింది. ఏడో లెవల్. నేను మొదటిసారి చూస్తున్నానని చెప్తే వాడు నమ్మలేదు.

వాడికి అడ్డం పడింది ఆఖర్న. రాజశిల మీద స్కార్. సింబా పంజాతో ఎన్నిసార్లు కొట్టినా స్కార్ అలిసిపోయి ఆయాసపడతాడే తప్ప చావడు. వెనక్కి తిప్పాడు, మళ్లీ కొట్టాడు. మళ్లీ తిప్పాడు. వెనక్కి తిప్పే మీట తడబాటుని దిద్దుతుంది, తెలియనిదాన్ని నేర్పదు. స్కార్‌ని బాగా అలిసిపోనిచ్చి, అంచు దగ్గర పట్టుకుని ఎత్తి అవతలికి విసరాలి. పెద్ద సింబాకి అలా విసిరే విద్య ఒకటుందని తెర మీద ఎక్కడా చెప్పరు. అది సూచనల పుస్తకంలో ఉంటుంది. నింటెండో దావా వేసింది ఇలాంటి పుస్తకాల గురించే. మా కాపీ సీడీతో పుస్తకం రాలేదు. అంటే అప్పట్లో ఎలాగోలా ఆఖరిదాకా వెళ్లినా మేము ఆ కొండ మీద తెల్లార్లూ గోకుతూ ఉండేవాళ్లమే.

సినిమాలో సింబా చేతికి రక్తం అంటనివ్వరు. వెళ్లిపొమ్మని దయ తలుస్తాడు, స్కార్ మోసంగా మీదికి దూకితే కాళ్లతో అవతలికి తోస్తాడు, చంపేది మాత్రం హైనాలు. రచయితలు అక్కడ చాలా జాగ్రత్తపడ్డారు. గేములో ఆ మర్యాద కుదరదు. చేయి మనదే, విసరాల్సింది మనమే. నాకిది సినిమా కంటే నిజాయితీగా అనిపిస్తుంది. మేనల్లుడికి అలాంటి పట్టింపులేవీ లేవు. కిటుకు చెప్పగానే స్కార్‌ని పట్టి ఒక్క విసురు విసిరి, ‘అయిపోయిందా? ఇంతేనా?’ అని పేర్లు పడుతుండగానే బయటికొచ్చేశాడు.

‘అల్లాద్దీన్ పెట్టు మావయ్యా, అందులో ఎన్ని లెవల్సో.’

సంతలో ఒంటె కనబడితే దాని మూపు మీద దూకమని, నోట్లోంచి ఉమ్ముతుందని చెప్పాను. వాడు ఆడిందంతా వదిలేసి అరగంట ఒంటె మీదే గెంతుతూ కూర్చున్నాడు.